పెట్రోలు బండికి మసి ఎక్కడిది?

పెట్రోలు బండి శుభ్రం, డీజిల్ బండి మసి. లారీల వెనకాల స్కూటర్ల మీద తిరిగి పెరిగిన మనకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే కొత్తగా కొన్న 1.0 లీటర్ టర్బో పెట్రోలు కారు సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పినప్పుడు నల్లగా అంటుకుంటే మనవాళ్ళు కంగారు పడిపోతారు. ఎర్రుపాలెంలో ఉండే మా బాబాయిదీ ఇదే కంగారు. "ఇంజనీరువి కదరా, చెప్పు" అంటాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకీ కారు ఇంజనుకీ ఉన్న దూరం ఆయనకి ఎవరు చెప్పాలి! సరే, చదివి తెలుసుకున్నదీ, నాకు అనిపించిందీ రాస్తున్నాను.

పాత పద్ధతిలో పెట్రోలుని సిలిండర్ బయటే, గాలి లోపలికొచ్చే దారిలో, మూడు నాలుగు బార్ల ఒత్తిడితో చల్లుతారు. అది ఆవిరై గాలితో కలిసి లోపలికెళ్ళేందుకు కాస్త తీరిక ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో అలా కాదు. 150 బార్లకి పైబడిన ఒత్తిడితో నేరుగా సిలిండర్ లోపలికే కొడతారు. కలవడానికి దొరికేది కొన్ని మిల్లీసెకన్లు. ఇంజను చల్లగా ఉంటే పిస్టన్ నెత్తి మీద, సిలిండర్ గోడ మీద పెట్రోలు తడిగా అతుక్కుంటుంది. ఆ తడి సరిగ్గా గాలి అందక, కిరసనాయిలు దీపంలా మండి మసి కక్కుతుంది. కాటలిటిక్ కన్వర్టర్ విషవాయువుల్ని మారుస్తుంది గానీ మసిని పట్టుకోలేదు.

దీనికి టర్బో తోడు. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి అన్నది లెక్క. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. కొన్ని ఇంజన్లలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కూడా, లోపలి వేడి తగ్గించడానికి కంప్యూటరే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. టర్బో ఉన్న ప్రతిదీ డైరెక్ట్ ఇంజెక్షన్ అనుకోవద్దు. 2017లో వచ్చిన నెక్సాన్ 1.2 టర్బో పాత పద్ధతిదే, 2019లో వచ్చిన వెన్యూ 1.0 టర్బో కొత్త పద్ధతిది.

ఇప్పుడు బాబాయి సంగతి. ఇంటి నుంచి రైల్వే స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఇంటికి. మహా అయితే జమలాపురం గుడికి. ఇంజను వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. మసి పట్టక ఏమవుతుంది? అదే కారు వారానికోసారి హైదరాబాదు దాకా వెళ్ళొస్తే ఇంత మసి పట్టదు. వేలికంటింది పొడిపొడిగా ఉంటే మసే. జిడ్డుగా ఉండి, పొగ నీలంగా వస్తుంటే ఇంజనాయిలు కాలుతోందని అర్థం, అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సిందే. పొడి మసి చూపించి "డీకార్బనైజింగ్ చెయ్యాలి" అంటూ వేలకి వేలు బిల్లు రాసేవాళ్ళకి మాత్రం ఓ నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

అయితే "కారుకేం కాలేదు కదా" అని ఊరుకోవడం నాకు నచ్చదు. గొట్టానికి అంటింది కొంచెమే. మిగిలింది గాల్లోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ రేణువుల్లో చాలావరకు 100 నానోమీటర్ల లోపువి. బీఎస్-4 దాకా పెట్రోలు కార్లకి మసి పరిమితే లేదు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లని కూడా లెక్కలోకి తెచ్చింది. పరిమితి ఎంతో తెలుసా? కిలోమీటరుకి 60 వేల కోట్ల రేణువులు! అదే కట్టుదిట్టం అన్నమాట.

ఇదంతా కొత్త మోడల్‌కి అనుమతి ఇచ్చేటప్పటి పరీక్ష. రోడ్డెక్కాక మిగిలేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే. అందులో పెట్రోలు బండిని నిలబెట్టి, ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు చూస్తారు. మసి చూడరు. పొగ చిక్కదనం కొలిచేది డీజిల్ బళ్ళకే. మన భాషలో చెప్పాలంటే, టెస్ట్ కేసే రాయని చోట బగ్గు దొరకదు. రిపోర్ట్ అంతా పచ్చగా ఉంటుంది, ప్రొడక్షన్‌లో మాత్రం జనం దగ్గుతుంటారు.

రేణువులు లెక్కపెట్టే యంత్రాలు లేకపోలేదు. నెదర్లాండ్స్, జర్మనీ 2023 నుంచి ఫిల్టరున్న డీజిల్ కార్లని వాటితోనే తనిఖీ చేస్తున్నాయి. మనం ఇంకో అడుగు ముందుకేసి పెట్రోలు కార్లకి కూడా పెట్టాలంటాను. యూరప్‌లో చాలా పెట్రోలు కార్లకి మసి ఫిల్టర్లు వచ్చేశాయి. మన దగ్గర మైలేజీ ఎంత, పికప్ ఎంత, సన్‌రూఫ్ ఉందా అని అడుగుతాం గానీ ఫిల్టరుందా అని షోరూంలో ఎవరడిగారు? కొనేవాడు అడగందే అమ్మేవాడు పెట్టడు.

రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగేవాళ్ళకి టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ దండగ. మామూలు పెట్రోలు ఇంజను చాలు. జేబుకీ మంచిది, వెనకాల స్కూటర్ మీద వచ్చేవాడికీ మంచిది.