ప్రశ్నకు తగని ప్రత్యుత్తరము

వృద్ధులకు రైలు టిక్కెట్టుపై నుండిన రాయితీ 2020 మార్చిలో కరోనా కారణమున నిలుపబడెను. అంతకు పూర్వము 60 ఏండ్లు నిండిన పురుషులకు నూటికి 40 వంతులును, 58 ఏండ్లు నిండిన స్త్రీలకు 50 వంతులును తగ్గింపు లభించుచుండెడిది. వ్యాధి శాంతించెను, రైళ్లు మరల నిండెను, రాయితీ మాత్రము తిరిగి రాలేదు.

దీనినిగూర్చి పార్లమెంటు సభ్యులు పలుమారులు ప్రశ్నించిరి. 2024లో వచ్చిన సమాధానమేమి? ప్రతి ప్రయాణికుని ఖర్చులోను సగటున నూటికి 46 వంతులు ప్రభుత్వమే భరించుచున్నదట! సభ్యులడిగినది వృద్ధుల మాట. మంత్రి చెప్పినది అందఱి మాట. ఈ సామాన్య సహాయము క్రొత్తదియా? 2019–20లో అది 53 వంతులని రైల్వేశాఖయే చెప్పియున్నది. ఆనాడు దానికి పైగా వృద్ధులకు రాయితీ యుండలేదా? వికలాంగులకు, రోగులకు, విద్యార్థులకు ఆ సహాయమునకు మించి రాయితీ నిచ్చుచునే యున్నారు. అవసరమునుబట్టి యిచ్చుట న్యాయమని యొప్పుకొనినవారు వార్ధకమును అవసరముగా నెంచరేమి?

ధనము చాలదందురా? స్లీపరు, థర్డ్ ఏ.సి. తరగతులకైనను ఇచ్చుట పరిశీలింపుడని స్థాయీసంఘము 2022లోనే మధ్యేమార్గము చూపెను.

స్వార్జితము లేని ముదుసలి తల్లి కాశికి పోవలెనన్నను, కన్నకూతురి యింటికి పోవలెనన్నను కుమారుని ముఖము చూడవలసినదే. సగము టిక్కెట్టు ఆమెకు దానము కాదు, కొంత స్వాతంత్ర్యము. ఇయ్యదలపనిచో "ఇయ్యము" అని కారణముతో చెప్పుట ప్రభుత్వధర్మము. సగటు లెక్కచాటున దాగుట ప్రత్యుత్తరము కాదు. పాఠకులారా, మీ సభ్యుడు మరల ప్రశ్నించునట్లు ఉత్తరము వ్రాయుడు. వచ్చిన సమాధానమును విడువక చదువుడు.