మీనమంటే ఏ చేప, తాతయ్యా?

కార్తికమాసంలో వనభోజనమంటే మా ఇంట్లో ఇన్నేళ్ళూ పబ్లిక్ గార్డెన్స్ చెట్ల కింద పులిహోర తిని ఇంటికి రావడమే. ఆబిడ్స్ వెనుక సందులో కాపురమున్నవాళ్ళకు అంతకంటె దగ్గరగా వనమనదగినది ఏదీ లేదు. 2024 నవంబరులో ఒక ఆదివారం మాత్రం మా అబ్బాయి పట్టుబట్టి అందరినీ నాంపల్లి స్టేషనుకు తీసుకువెళ్ళి వికారాబాదు పోయే రైలెక్కించాడు. సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణం. పొద్దున అనంతగిరి కొండ ఎక్కడం, మధ్యాహ్నం దగ్గరలోని ఒక చెరువుగట్టున భోజనం, ఆపైన పిల్లల చేత గాలం వేయించడం అని అతడి ఏర్పాటు. ఆ చివరి మాట వినగానే మా ఆవిడ "కార్తికమాసంలో చేపలు పట్టడమేమిటి, హవ్వ!" అని నోరు నొక్కుకున్నది. పట్టినవాటిని పట్టినట్లే మళ్ళీ నీళ్ళలో వదిలిపెట్టేటట్లు రాజీ కుదిరింది.

ఆనాడు నాకు కలిగిన పరాభవమే ఈ టపాకు కారణం.

అనంతగిరి మహాపర్వతమేమీ కాదు. వికారాబాదు ఊరి నుంచి అయిదారు కిలోమీటర్లు. అడవి, అనంతపద్మనాభస్వామి ఆలయం, పాతకాలపు క్షయ చికిత్సాలయం. రోడ్డు విడిచి కాలిబాట పట్టిన తరువాత నా మోకాళ్ళు నన్ను ప్రశ్నించడం మొదలుపెట్టాయి గాని పిల్లలిద్దరూ మేకపిల్లల వలె ముందుకు పోయారు. మనుమరాలికి పన్నెండేళ్ళు, మనుమడికి తొమ్మిది. తుప్పురంగులో, తేనెపట్టు వలె గుల్లగుల్లగా ఉన్న రాళ్ళను ఏరి నా సంచీలో వేశారు, నేనేదో గాడిదనైనట్లు. "మన దగ్గర కొండలు ఉంటే ఎంత బాగుండును" అన్నది మనుమరాలు. "ఉన్నది కదమ్మా, నౌబత్ పహాడ్" అన్నాను. ఆ పిల్ల ఎన్నడూ వినలేదట. బిర్లా మందిరానికి ఇరవైసార్లయినా వెళ్ళి ఉంటుంది. పదేళ్ళు కట్టి 1976లో ప్రారంభించిన ఆ పాలరాతి గుడి ఏ కొండ మీద ఉన్నదో, 1985లో వెలసిన ప్లానెటేరియం ఏ కొండ మీద ఉన్నదో ఎవరూ చెప్పలేదు. ఎవరో చెప్పకపోవడమేమిటి, నేనే చెప్పలేదు. నగారా మోగించి ఫర్మానాలు చదివేవారు కనుక నౌబత్ పహాడ్ అన్నారని పెద్దలు చెప్పుకునే మాట. ఆ కొండది నల్లసేనపు రాయి, వయస్సు 250 కోట్ల సంవత్సరాల పైమాట. ఆటోలో గుడి ముంగిట దిగేవాళ్ళకు కొండ ఎక్కడ కనిపిస్తుంది?

మూసీ ఈ కొండల్లోనే పుడుతున్నదని చెప్పినప్పుడు మనుమడు అప్రయత్నంగా ముక్కు మూసుకున్నాడు. అఫ్జల్‌గంజ్ వంతెన దాటేటప్పుడు వాడికి అలవాటైన పని అది. అక్కడి నీళ్ళను చూపి, ముచికుందా నది అన్న పాతపేరు చెప్పి, 1908 సెప్టెంబరు 28న ఈ ఏరే హైదరాబాదును ముంచిందనీ, అందువల్లనే 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయనీ చెప్పాను. వాడు వంగి ఆ నీళ్ళు వాసన చూశాడు. "ఏమీ లేదు తాతయ్యా" అన్నాడు. ఆ మాటలో ఉన్న ఆశ్చర్యాన్ని నేను తరగతిలో ఏ పాఠంతోనూ పుట్టించలేకపోయాను.

ఇక చెరువు. మన చెరువులలో చేపలు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలవి. అడగకుండా గాలం వేయడం ఒకరి పొలంలో కంకులు విరవడం వంటిదే. మా అబ్బాయి ముందుగానే సంఘంలోని ఒక పెద్దాయనను అడిగి ఉంచాడు. ఆయన రెండు వెదురు బద్దలు, దారం, జీలుగు బెండు ముక్కలు, ఎరకు వానపాములు సిద్ధం చేసి పెట్టాడు. పిల్లలకు కొక్కెం ముట్టుకోవడం, ఎర గుచ్చడం నేర్పి, "బెండు ఆడితే గుంజకు, మునిగితే గుంజు" అన్నాడు. పండితులు సూత్రాలు చేస్తారు గాని ఇంత క్లుప్తంగా చేయగలవారు తక్కువ.

ముప్పావు గంట ఏమీ లేదు. పిల్లలు అంతసేపు మాట్లాడకుండా ఒకచోట కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. తరువాత మనుమడి బెండు మునిగింది. జానెడు కూడా లేని చేప ఒకటి, మీసాలతో, గట్టు మీద పడి కొట్టుకున్నది. వాడు ఆనందంతో కేకవేసి "తాతయ్యా, ఇదేం చేప?" అన్నాడు.

నేను తెలుగు పండితుణ్ణి. 33 ఏళ్ళు పాఠం చెప్పాను. మత్స్యము, మీనము, ఝషము, అండజము, విసారము, పృథురోమము అని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. ఆ క్షణాన నా నోట వచ్చిన మాట, చెప్పుకుంటే సిగ్గు, "మీనం నాయనా" అని. వాడు నా ముఖం చూసి, "మీనమంటే ఏ చేప, తాతయ్యా?" అన్నాడు. అంటూనే చెయ్యి చాచాడు. పెద్దాయన గబుక్కున వాడి మణికట్టు పట్టుకున్నాడు. "ముట్టకు బిడ్డా, రెక్కల కాడ ముల్లుంటది, కసుక్కున దిగుతది. ఇది జెల్ల. సారుకు ఎరుక లేనట్టుంది."

సారుకు ఎరుక లేదు. నిజం.

ఆ తరువాత గంటసేపు ఆయనే ఉపాధ్యాయుడు. పరక, జెల్ల, వాలుగ, మార్పు, మట్టగిడస, బొచ్చె, రవ్వ, బంగారుతీగ. ఏది నీటి పైపొరలో తిరుగుతుంది, ఏది అడుగు బురదలో ఉంటుంది, ఏది ఏ ఎరకు వస్తుంది. ఆయన అన్నిటికంటె ఎక్కువసేపు చెప్పింది కొర్రమట్ట గురించి. పుస్తకాలలో కొరమీను అంటారు; 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దానినే. పాముతల, నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే శక్తి, చెరువు ఎండితే బురదలో తలదాచుకునే ఓర్పు. దాని పిల్లలు పుట్టిన కొన్నాళ్ళు ఎర్రగా, కుంకుమ చల్లినట్లు, నీటిమీద ఒకే గుంపుగా కదులుతాయట. తల్లీతండ్రీ రెండూ కిందనే కాపలా ఉంటాయట. "ఆ ఎర్ర గుంపు కనపడ్డ కాడ మా నాయిన గాలం ఏయకపోతుండె" అన్నాడు. ప్రబంధాలలో జలక్రీడావర్ణనలు ఎన్ని చదివానో! కన్నె చూపులను బేడిసలతో పోల్చిన పద్యాలకు వ్రాసిన టీకలకు లెక్కలేదు. ఈ ఒక్క మాట వాటిలో ఏ ఒక్కచోటా నాకు తగలలేదు.

ఇందులో తప్పు పూర్వులది కాదని నా అభిప్రాయం. అమరసింహుడు చేపకు సామాన్యనామాలు చెప్పి ఊరుకోలేదు. రోహితము, మద్గురము, పాఠీనము అని జాతులు వేరుగా చెప్పాడు. రోహితమే నేటి రోహు, మన రవ్వ. మద్గురమే ఉత్తరాదివారి మాగుర్, మన మార్పు. అంటే ఎవరో ఒకరు నీటి దగ్గరకు వెళ్ళి చూసి చెప్పిన మాటలవి. వాటిని వల్లె వేసిన మనం నీటి దగ్గరకు వెళ్ళడం మానుకున్నాము. మన నిఘంటువులు తిరగవేయండి: మత్స్యవిశేషము, పక్షివిశేషము, వృక్షవిశేషము. ఏమిటా విశేషమని అడిగితే పుట మూగబోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని నేను ఈ కారణంగానే నెత్తిన పెట్టుకుంటాను. వ్యవసాయ పదాలకోసం వారు రైతు దగ్గరకు వెళ్ళారు, మరో నిఘంటువు దగ్గరకు కాదు.

మిత్రులారా, మనం అంతర్జాలమన్న మాటను ఎంతో మురిపెంగా వాడుకుంటున్నాము. జాలమంటే వల. ఆ వలలో కన్నుకు ఏమంటారో, వల అంచున కట్టే సీసపు గుండ్లకు ఏమంటారో మనలో ఎంతమందికి తెలుసు? తెలుగు చచ్చిపోతున్నదని ఇక్కడ వారానికొకరం వాపోతూనే ఉంటాము, నేనూ వ్రాశాను. ఆంగ్లపదాలకు తెలుగు చేయడం మంచిపనే, వద్దనను. కాని పుట్టినప్పటి నుంచి మనవైన మాటలు, వాటిని పలికే మనుష్యులు చెరువుగట్టున కూర్చుని ఉండగా, మన పిల్లలు అక్కడికి పోవడం లేదు గనుక పోతున్నాయి. వస్తువును చూడని పిల్లవాడికి మాట నిలవదు. వాడికి చేప అంటే కూరలో ముక్క.

మా నాంపల్లి సంగతే చూడండి. ఏటా మృగశిర కార్తె ప్రవేశించేనాడు ఎగ్జిబిషన్ మైదానంలో వేలమంది వరుసలు కడతారు. బత్తిని కుటుంబంవారు 1845 నుంచి ఇస్తున్నామని చెప్పే చేప ప్రసాదం కోసం. ఒకప్పుడు చేప మందు అనేవారు. శాస్త్రీయత ఏదని జనవిజ్ఞాన వేదికవంటివారు నిలదీసిన తరువాత ప్రసాదమన్నారు. మహమ్మారి వలన మూడేళ్ళు ఆగి 2023లో మళ్ళీ మొదలయింది. ఆస్తమాకు అది మందని నేను నమ్మను. కాని ఆ వరుసలో నిలబడిన పిల్లవాడి గొంతులో ప్రాణంతో జారిపోయేది కొరమీను పిల్ల అనీ, అది చెరువులో ఎర్రని గుంపుగా తిరిగేదనీ వాడికి ఒక్కరైనా చెబుతారా? అదేరోజు బేగంబజారులో చేపలకోసం కాలు పెట్ట సందుండదు. ఇంత చేపల పండుగ చేసుకునే ఊళ్ళో చేప పేరు తెలియని పండితుడు రిటైరయ్యాడు.

అందుచేత నేను కోరేది ఒకటే. పాఠశాలలు విహారయాత్ర పేరిట పిల్లలను ఏటా వినోదోద్యానాలకు తోలుకుపోయి, కృత్రిమపు కొండ మీద నుంచి కృత్రిమపు నీటిలోకి జార్చి తీసుకువస్తున్నాయి. అందులో ఒక్క యాత్రను నిజమైన కొండకు, నిజమైన చెరువుకు మార్చాలి. తెలుగు ఉపాధ్యాయుడు విధిగా వెంట వెళ్ళాలి, చెప్పడానికి కాదు, వ్రాసుకోవడానికి. ఆనాటి ఉపాధ్యాయుడు మత్స్యకారుడు. ఆయనకు సన్మానం కాదు, రోజుకూలి కాదు, ఉపాధ్యాయుడికిచ్చే జీతమే లెక్కగట్టి ఇవ్వాలి. దూరం పోలేనివాళ్ళు నౌబత్ పహాడ్‌ను కాలినడకన ఎక్కించి, అది కొండ అని చెప్పినా నాకు సంతోషమే.

పసివాళ్ళకు జీవహింస నేర్పడం కాదా అని మా ఆవిడే అడిగింది. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేను. జెల్లను కొక్కెం నుంచి విడిపించి నీళ్ళలో వదిలినప్పుడు మనుమరాలు ఏడ్చింది. దాని పెదవి చిరిగింది, మళ్ళీ బతుకుతుందా అని. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా అడిగింది. నాకు జవాబు తెలియదని చెప్పాను. అయినా, ఆ ప్రశ్న అడిగే పిల్ల అడగని పిల్లకంటె హింసకు దగ్గరగా ఉన్నదని మాత్రం అనుకోను. ఇక ప్రమాదం మాటంటారా, అది నిజమైన భయమే. పూడికమట్టి తీసిన చెరువుల్లో రెండడుగుల నీటి పక్కనే నిలువెత్తు గుంతలుంటాయి. గట్టు దిగనివ్వకూడదు, ఊరివాళ్ళు లేకుండా పోకూడదు. భయముందని అసలే పోకపోతే ఎట్లా అన్నది నా వాదన.

ఈ వాదన చేయడానికి నాకున్న అర్హత ఎంతో చెప్పి ముగిస్తాను. 1994 వేసవిలో మా అత్తవారి ఊళ్ళో మా అబ్బాయి చెరువు దగ్గర గాలంతో కనిపించాడు. అప్పటికి వాడికి పదేళ్ళు. వెదురు బద్ద లాక్కుని మోకాలికేసి విరిచి, అందరి ముందూ చెవి పట్టుకుని ఇంటికి తీసుకువచ్చి శబ్దమంజరి ముందు కూర్చోబెట్టాను. పండితుడి కొడుకు చేపలు పట్టడమేమిటని నా ఉద్దేశం. వాడు ఆ సంగతి మరిచిపోయి ఉంటాడనుకున్నాను.

తిరుగు రైలులో పిల్లలిద్దరూ నిద్రపోయారు. లింగంపల్లి దాటిన తరువాత మా అబ్బాయి నవ్వుతూ తన కుడిచేతి బొటనవేలు నా ముందు పెట్టాడు. గోరు పక్కన సన్నని తెల్లని మచ్చ.

"జెల్ల ముల్లే నాన్నగారూ. ఆరోజు మీరు వచ్చేసరికే గుచ్చుకుంది. రెండురోజులు జ్వరం వచ్చింది, ఎండదెబ్బ అని అమ్మతో చెప్పాను."

నాంపల్లిలో దిగేదాకా ఆ వేలు పట్టుకునే కూర్చున్నాను.