మీవారికి కారంటే ప్రాణమా?

ఆదివారం పూట మీవారు కారుకి చంటిబిడ్డకి పోసినట్టు నీళ్లు పోసి, తుడిచి మురిసిపోతుంటారా? ఎదురింటాయనదీ అదే వరసా? అయితే ఏదో ఒకరోజు "అందరం కార్లేసుకుని అలా తిరిగొద్దాం" అన్న మాట మీ చెవిన పడకుండా ఉండదు. "మీరెళ్లిరండి, నాకు పనుంది" అని తప్పుకోకండి. నాలుగు కార్లు కలిస్తే ఎవరిది ముందన్న పంతం పెద్దవాళ్లకీ వస్తుంది. అందుకే టైమూ, దారీ మనమే ఖాయం చేయాలి.

శిరివెళ్ల వాళ్లకైతే దిగువ అహోబిలం చక్కని షికారు. 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ చేరి, అక్కణ్ణించి సుమారు పాతిక కిలోమీటర్లు వెళ్లాలి. నాలుక్కి బయల్దేరితే ఏడున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు. ఎగువ అహోబిలం ఇంకో 8 కిలోమీటర్లు, అడవిలో మలుపుల దారి. దాన్ని మరోరోజు పొద్దున్నకి ఉంచుకోండి. కనుమ తర్వాత కొన్ని వారాలు పార్వేట ఉత్సవం. స్వామివారి పల్లకి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది, జనం రోడ్డు మీదే ఉంటారు. అప్పుడు మరీ నెమ్మదిగా పోవాలి.

బయల్దేరే ముందు అందరూ ఒప్పుకోవాల్సినవి ఇవి:

* దారి బాగా తెలిసినవారు ముందు, అనుభవం ఉన్నవారు ఆఖర్న. కొత్తగా నేర్చుకున్నవారి కారు మొదటి కారు వెనకే ఉండాలి. వాళ్ల వేగమే అందరి వేగం.
* ఒకరినొకరు దాటకూడదు. కారుకీ కారుకీ మధ్య కనీసం మూడు సెకన్ల ఎడం ఉండాలి. చీకటి పడితే ఇంకా ఎక్కువ.
* మలుపు దగ్గర వెనక కారు కనబడేదాకా రోడ్డు పక్కన, సురక్షితమైన చోట ఆగాలి. అప్పుడు తప్పిపోతామన్న తొందర ఎవరికీ ఉండదు.
* వెనక సీట్లో వాళ్లూ బెల్టు పెట్టుకోవాల్సిందే. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.
* సీసా ఏ కారులోనూ ఎక్కకూడదు. తాగి నడిపి పట్టుబడితే మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "కొంచెమేగా" అన్నారో, తాళాలు మీ కొంగున ముడేసుకోండి.

సంజెవేళ వెనక దీపాల్లేని ట్రాక్టర్లూ, ఎద్దుల బండ్లూ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం దగ్గరికొచ్చేదాకా కనబడవు. బయల్దేరేముందే అన్ని కార్ల దీపాలూ, టైర్లలో గాలీ చూసుకోమనండి.

తిండి తేలిగ్గా ఉంటే మేలు. చిత్రాన్నం, ఉడికించిన సెనగ గుగ్గిళ్లు, బొరుగులు, మంచినీళ్లు చాలు. పిల్లలకి కడుపునిండా పెట్టి కారెక్కిస్తే వాంతులు తప్పవు. గుడి దగ్గర కోతులున్నాయి, పొట్లాలు చేతిలో పట్టుకుని దిగకండి.

అన్నట్టు, మీకు డ్రైవింగ్ వచ్చా? లైసెన్సు ఉందా? అయితే ముందు కారు మీరే నడపండి! ఇల్లు చేరగానే అందరూ ఫోన్ చేయాలని చెప్పండి. ఆఖరి కారు గడప చేరిందని తెలిశాకే మనం పొయ్యి వెలిగించేది, ఏమంటారు?