పల్లెలో కాపురమున్న పరిశోధన

ఔరేపల్లి పేరు మన పత్రికల్లో ఎప్పుడో గాని కనబడదు. దేశదేశాల విశ్వవిద్యాలయాల్లో పేదరికం గురించి, కరువు గురించి చదువుకునేవాళ్లకు మాత్రం ఆ పేరు బాగా తెలుసు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ఎర్రచెలకల ఊరిని, అదే జిల్లాలోని డోకూరును, మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల నుంచి రెండేసి ఊళ్లను పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో తన అధ్యయనానికి ఎంచుకుంది. ఊరికి నలభై కుటుంబాలు. భూమిలేని కూలీలవి పది, చిన్న రైతులవి పది, మధ్యతరహా రైతులవి పది, పెద్ద రైతులవి పది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆ ఇళ్ల గడపలే తొక్కి వాళ్ల బతుకు లెక్క రాశారు. ఆ పని మొదలై అర్ధశతాబ్దం నిండింది. పల్లెల కోసం ప్రణాళికలు వేసేవాళ్లు ఇవాళ ఒకసారి దాన్ని తలుచుకోవడం అవసరం.

లెక్క రాసేవాళ్లు ఊళ్లోనే కాపురమున్నారు. మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లేవారు. ఏ మడిలో ఏం విత్తారు, ఎవరి చేనికి ఎవరు కూలికి పోయారు, కూలి గింజల్లో ముట్టిందా పైకంగా ముట్టిందా, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, సంతలో ఏం కొన్నారు? ఇవీ ప్రశ్నలు. నిరుడు మీ ఆదాయం ఎంత అని అడిగితే ఏ రైతూ సరైన జవాబు చెప్పలేడు. మొన్న సంత నుంచి ఏం తెచ్చారంటే ఇంటావిడ బెల్లంతో సహా చెబుతుంది. ఈ తేడాను పట్టుకోవడంలోనే ఆ అధ్యయనం విలువంతా ఉంది. రాసుకునే మనిషి ఊరివాడే అయిపోయాడు గనుక, మొదటి రోజు దాచిన అప్పు ఆరో నెలలో బయటికొస్తుంది.

ఇంత ఓపిక ఎందుకు పట్టారన్నది కూడా తెలుసుకోదగ్గదే. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పని జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్టపంటల మీద. కంచె లోపలి పొలంలో బాగా పండిన పంట కంచె బయట ఎందుకు పండదో, పండినా రైతు దాన్ని ఎందుకు వదిలేస్తాడో శాస్త్రవేత్తలకు తెలియాలి. అప్పట్లో చాలామంది దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటే: పేదరైతు భయస్థుడు, కొత్తదంటే జంకుతాడు.

హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ మాటను పరీక్షకు పెట్టాడు. రైతుల చేతికి నిజం డబ్బులిచ్చి బొమ్మా బొరుసా ఆడించాడు. ఏది పడినా 50 రూపాయలు తీసుకోవచ్చు. లేదా బొమ్మ పడితే 45, బొరుసు పడితే 95 వచ్చే పందెం కాయవచ్చు. అలా మెట్టుమెట్టుగా పెరిగి, చివరి పందెంలో ఒకవైపు సున్నా, రెండోవైపు 200. పెద్ద పందేల్లో వచ్చే సొమ్ము ఆనాటి కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ. 1980లో ప్రచురించిన ఫలితాలు నిపుణులను ఆలోచనలో పడేశాయి. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్త పాటించారు. ఆ జాగ్రత్తలో ఉన్నవాడికీ లేనివాడికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు అవే కుటుంబాలను 'మీరైతే ఏం చేస్తారు' అని ఊరికే నోటిమాటగా అడిగి రాబట్టిన జవాబులకూ, ఈ డబ్బు ఆటలో తేలినదానికీ పొంతనే కుదరలేదు.

ఈ రెండు సంగతులూ గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి. పేదరైతు గుండె పెద్దరైతు గుండె లాంటిదే. తేడా అప్పు పుట్టడంలో ఉంది, విత్తనం వేళకు అందడంలో ఉంది, ఒక పంట పోతే మరో పంట దాకా నిలదొక్కుకునే ఆధారంలో ఉంది. అయినా 'రైతుల్లో అవగాహన లేదు' అన్న మాట మన సమీక్షా సమావేశాల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. అవగాహన సదస్సుకు పెట్టే ఖర్చు పరపతి సంఘానికి పెడితే ఆ రైతే కొత్త విత్తనం అడిగి మరీ తీసుకెళతాడు. ఇక ఒక్క పూటలో ఇంటింటికీ తిరిగి, ఫోన్‌లో గడులు నింపుకొచ్చే సర్వేలు ఏ పాటి నిజం పట్టుకొస్తాయో ఆ పొంతన కుదరని జవాబులే చెబుతున్నాయి.

ఆ లెక్కల్లోంచి తర్వాత ఎందరో ఎన్నో తవ్వి తీశారు. ఔరేపల్లితో పాటు మరో రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఒక సంగతి చూపించాడు. ఒక ఇంటి రాబడి పడిపోయినంత మాత్రాన ఆ ఇంటి తిండి అంతగా పడిపోదు. ఊరు మొత్తం మీద తినేది ఎలా ఉంటే ఆ ఇంట తినేదీ ఇంచుమించు అలాగే ఉంటుంది. చేబదుళ్లు, అప్పులు, ఇచ్చిపుచ్చుకోవడాలు అంతగా ఆదుకుంటాయి. ఆ మూడు ఊళ్లలో ఒకదానిలో భూమిలేని వాళ్లకు మాత్రం ఈ ఆసరా తక్కువగా కనబడింది. కానీ ఊరంతటికీ వాన మొహం చాటేస్తే ఆదుకునే చెయ్యి ఊళ్లో దొరకదు. అప్పుడు దిక్కెవరు?

దీనికి జవాబు ఆర్థికవేత్తలు మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో రాసిన వ్యాసంలో ఉంది. ఆ జవాబు మన పెళ్లిళ్లలో దొరికింది. పంట రాబడి ఏటికేడు ఎక్కువ ఒడిదుడుకులకు లోనయ్యే ఇళ్లవాళ్లు ఆడపిల్లలను మరింత దూరపు ఊళ్లకు ఇస్తున్నారు. ఇచ్చేది చుట్టరికంలోనే, అయితే తలా ఒక దిక్కుకు. ఇక్కడ కరువొచ్చిన ఏడు అక్కడ వాన పడవచ్చు. అలా వియ్యపు ఊళ్లు చెదిరి ఉన్న ఇళ్లలో కరువేడు కూడా తిండి మరీ తరిగిపోలేదు. తండ్రి ఆ లెక్క వేసుకునే పిల్లను ఇచ్చాడని కాదు. సంబంధం చూసేటప్పుడు 'ఆ ఊళ్లో నీళ్లున్నాయా' అని పెద్దలు అడిగే ప్రశ్నలో ఎన్ని తరాల కరువు అనుభవం దాగి ఉందో మాత్రం తెలుస్తుంది. ఇంట్లో గింజలు నిండుకున్న ఏడు పుట్టింటి కోసం బరువు మోసింది కన్నవాళ్లకు దూరంగా వెళ్లిన ఆ పిల్ల. పంట బీమా గురించి మాట్లాడేటప్పుడు ఆమె కూడా గుర్తుకు రావాలి. ప్రభుత్వ బీమా వేళకు అందకపోతే ఆ లోటు ఇలాంటి వాళ్ల మీదే పడుతుంది. లేదంటే కాడెద్దుల మీద. కరువేడు ఎద్దులమ్మి మంచి ఏడు మళ్లీ కొనుక్కోవడం ఇవే ఊళ్ల లెక్కల్లో స్పష్టంగా కనబడింది. అరక లేని రైతు మరుసటి ఏడు అదునుకు దున్నలేడు.

ఆదాయపు లెక్కకు అందని సంగతులూ ఉన్నాయి. ఇక్రిశాట్‌లోనే పనిచేసిన ఎన్.ఎస్. జోధా రాజస్థాన్‌లో రెండు ఊళ్లను 1960ల నడుమ ఒకసారి, మళ్లీ 1982-84లో ఒకసారి చూశారు. లెక్క ప్రకారం ఆదాయం తగ్గిన ఇళ్లకే వెళ్లి, బాగుపడటమంటే మీ దృష్టిలో ఏమిటని అడిగారు. దొర దగ్గర జీతం ఉండాల్సిన అవసరం లేకపోవడం, దొర జాగాలో కాకుండా సొంత జాగాలో ఇల్లు, కరువు నెలల్లో మూడో పూట భోజనం మానుకోకపోవడం, ఆడవాళ్లకూ పిల్లలకూ కాళ్లకు చెప్పులు, పశువులకు వేరే కొట్టం. ఇలా వాళ్లు చెప్పిన 38 కొలమానాల్లో 37టి ప్రకారం ఆ కుటుంబాలు మునుపటికంటే మెరుగయ్యాయి. ఆదాయపు లెక్క అక్కర్లేదని దీనికి అర్థం చెప్పుకోకూడదు. జీతగాడి బతుకు నుంచి బయటపడటాన్ని ఒక మనిషి ఎంత గొప్పగా తలుస్తాడో ప్రణాళికా పత్రంలో రాసుకోవడానికి గడి లేదు, అంతే.

గడి లేక జారిపోయినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, కాగితానికి ఎక్కదు. మెట్ట ప్రాంతాల్లో చిన్న రైతే తన చెలకను ఎద్దులూ పెట్టుబడీ ఉన్న పెద్దరైతుకు కౌలుకిచ్చే సందర్భాలూ ఉన్నాయని జోధా నాలుగు దశాబ్దాల కిందటే రాశారు. అంటే కౌలుదారులందరూ ఒకే రకం మనుషులు కారు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయల సాయం పట్టాదారుకే వెళ్లింది. చేను దున్నుతున్న కౌలురైతుకు అందలేదు. పట్టా పుస్తకం చూసి పథకం వేస్తే పుస్తకంలో లేనివాడు మిగిలిపోతాడు. ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో ఉండి రాసుకున్నవాళ్లకు తెలుస్తుంది.

2000 తర్వాత పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. జొన్న, ఆముదం చేలున్న ఔరేపల్లిలో పత్తి పరుచుకుంది. డోకూరు నుంచి జనం దూర ప్రాంతాలకు పనికి పోతున్నారు. సేద్యం ఒక్కటే ఇల్లు నడిపే కాలం వెళ్లిపోయింది. తర్వాత ఈ పద్ధతి తూర్పు భారతానికీ, బంగ్లాదేశ్ పల్లెలకూ విస్తరించింది. ఇదంతా సంతోషమే. అయితే థామస్ వాకర్, జేమ్స్ రయాన్ 1990లో వెలువరించిన పెద్ద గ్రంథంతో మొదలుపెట్టి, పేరొందిన ఆ పరిశోధనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇంటి గుట్టు విప్పి చెప్పిన కుటుంబాల పిల్లలు ఇవాళ చదువుకున్నవాళ్లు. తమ తాతల లెక్కను వాళ్లు తెలుగులో చదవగలగాలి. అది వాళ్లకు మనం పడిన బాకీ.

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో మన విద్యార్థులు కొన్ని వారాలు పల్లెలో గడపాలన్న నియమం ఉంది. ఏటా వందలమంది వెళ్లి, రైతుల దగ్గర కూర్చుని, రికార్డులు రాసి వస్తున్నారు. మార్కులు పడ్డాక ఆ రికార్డులతో ఎవరికీ పని ఉండటం లేదు. కొన్ని ఊళ్లనైనా ఎంచుకుని, ఈ ఏడు వెళ్లిన విద్యార్థి చూసిన ఇళ్లనే వచ్చే ఏడు వెళ్లేవాడికి అప్పగించాలి. పేర్లు బయటపెట్టకుండా ఏటి లెక్కను తెలుగులో అచ్చువేసి ఒక ప్రతి ఆ ఊరి పంచాయతీ కార్యాలయంలో ఉంచాలి. కొత్తగా పెద్ద సంస్థలేవీ పుట్టాల్సిన పని లేదు. ఉన్న విశ్వవిద్యాలయాలు వచ్చే వానాకాలం పంట నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.