చేనుదాటి ఇంట్లోకి వస్తున్న పురుగుమందు

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ కమిషనర్ గారికి,

పల్నాడు మిర్చి, పత్తి పల్లెల్లో పురుగుమందు చేనుతో ఆగడం లేదు. మందు కొట్టి వచ్చినవాళ్ల చొక్కా ఇంటిల్లిపాది బట్టలతోనే నానుతుంది. స్ప్రేయర్ వరండాలో ఉంటుంది, మిగిలిన మందు అటక మీదో మంచం కిందో. చేలో పడ్డ మందు ఎండకీ వానకీ కొంతైనా విరిగిపోతుంది. ఇంట్లో ఆ రెండూ తగలవు. గచ్చు మీది దుమ్ములో, చాపల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పసిబిడ్డలకు అందేది ఆ దుమ్మే. చెదలకీ దోమలకీ ఇంట్లోనే వాడే మందులు దీనికి అదనం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఖాళీ డబ్బా. 2013లో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది; నూనెను పాత మందు డబ్బాలో పోసి ఉంటారని అనుమానించారు. ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ పనంతా రైతు నెత్తిన వదిలేస్తే జరగదు. అది రైతు తప్పని నేను అనను.

మందు అమ్మే ప్రతి దుకాణమూ ఖాళీ డబ్బాలను వెనక్కి తీసుకునేలా, తెచ్చిచ్చినవాళ్లకు కొంత డబ్బు ఇచ్చేలా దయచేసి ఆదేశించండి. మిగిలిన మందు దాచుకోవడానికి ఊరికొక తాళం గది కావాలి. మందు కొట్టే కూలీలు ఇంటికి వెళ్లేముందే స్నానం చేసి బట్టలు మార్చుకునే చోటు కావాలి. వచ్చే ఖరీఫ్‌లో విత్తనాలు పడేలోపే ఇవి మొదలుపెట్టించండి.

ఇట్లు,
పల్నాడు జిల్లా వాసి