అతుకుల బొంత, అరువు మాట

కూటమి ప్రభుత్వమేదైనా కూలే సూచన కనిపిస్తే చాలు, మన పత్రికలవారికి తక్షణం గుర్తొచ్చే ఉపమానం "అతుకుల బొంత". దీన్ని మొదట వాడిన మహానుభావుడెవరో గాని, బొంత కప్పుకొని పడుకొని ఉంటాడే తప్ప దాన్ని కుడుతుండగా చూసి ఉండడు. బొంతలో అతుకు పడ్డచోటే గట్టి. చిరిగేది అతుకు లేనిచోట. నాలుగైదు పొరల పాత చీరలను, పంచెలను నేలమీద పరచి, ముడతలు తీసి, అంచు నుంచి నడిమికి వేలెడు ఎడంతో వరుసలు వేసుకుంటూ వచ్చే ఆ కుట్టు ఏ ప్రభుత్వం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. సంస్కృతంలో కంథ, బెంగాలీలో కాంథా, మరాఠీలో గోధడీ, ఉత్తర కర్ణాటకలో కౌది. ఇంతమంది చుట్టాలున్న వస్తువు మన నోట మాత్రం తిట్టయింది. "గంతకు తగ్గ బొంత" అన్నప్పుడు కూడా మనది మెచ్చుకోలు కాదు, వెటకారమే.

సరే, ఈ టపా సామెతల గురించి కాదు. "గిల్డు" అనే మరో మాట గురించి. బొంతను తిట్టుగా వాడినంత నిర్లక్ష్యంగానే ఈ మాటను బిరుదుగా తగిలించుకుంటున్నారని నా ఫిర్యాదు.

సైనిక్‌పురి తెలియనివారి కోసం రెండు మాటలు. సికిందరాబాదుకు ఈశాన్యంగా, సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు స్థిరపడడానికి వెలసిన కాలనీ ఇది. ఒకపక్క నేరేడ్‌మెట్, మరోపక్క ఏ.ఎస్.రావునగర్, ఈసీఐఎల్ చౌరస్తా. అక్కణ్ణుంచి కాస్త ముందుకు పోతే కుషాయిగూడ, మౌలాలి, నాచారం, అంటే షెడ్లూ షిఫ్టులూ ఉన్న ప్రపంచం. కాలనీలో చెట్లున్న పాత బంగళాలు కొన్ని మిగిలాయి, కొన్ని అపార్టుమెంట్లయ్యాయి, ఇంకొన్ని కాఫీ హోటళ్ళయ్యాయి. ఆ బంగళాల్లోని పెద్దవాళ్ళలో చాలామంది భర్తల బదిలీల వెంట దేశంలోని కంటోన్మెంట్లన్నీ చూసినవారు. ప్రతి ఊళ్ళోనూ ఒక కొత్త కుట్టు నేర్చుకుంటూ వచ్చిన చేతులవి.

అలాంటి ఒక వరండాలో శనివారాలు పొద్దున కూడే క్విల్టు బృందానికి నేను రెండేళ్ళుగా వెళ్తున్నాను. తమను తాము గిల్డు అని పిలుచుకుంటారు. అసలు పేరు చెప్పను, నా జగడం ఆ పేరుతో కాదు గనక. అక్కడ జరిగేదాన్ని చులకన చేయడం నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. పన్నెండంగుళాల చదరాలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి కుట్టి తెచ్చి కలుపుతారు. ఒకరి దగ్గర మిగిలిన ముక్క ఇంకొకరి నమూనాలో పువ్వవుతుంది. ఎవరింట మనవరాలు పుట్టినా, ఎవరు ఆసుపత్రి పాలైనా అందరూ కలిసి ఒక చిన్న క్విల్టు పూర్తిచేసి పంపుతారు. పిల్లలు సముద్రాల అవతల, భర్త గోడమీద పటంలో ఉన్నవాళ్ళకు వారం మొత్తం మీద మనిషి గొంతు వినబడేది ఆ మూడు గంటలే. పూర్తయిన పనిని ఇద్దరు రెండు కొసలు పట్టుకొని ఎత్తి చూపించగానే అందరూ చప్పట్లు కొడతారే, ఆ చప్పట్ల విలువ నాకు బాగా తెలుసు. కొత్త గుడ్డను కొని, ముక్కలుగా కోసి, మళ్ళీ అతకడమేమిటని నవ్వేవారితో నేను ఏకీభవించను. పద్యం రాసేవాడు కూడా చేసేది అదే కదా.

చిక్కు ఎక్కడంటే, క్విల్టుకు మూడు పొరలు. పైన అతుకుల పొర, నడుమ దూది పొర, కింద అస్తరు. పైపొరను మిషను మీద కుట్టడం సరదా, రంగులు కుదర్చడం ఇంకా సరదా. ఆ మూడు పొరలనూ కలిపి చేత్తో కుట్టడం మాత్రం నడుము విరిచే పని. కళ్ళు, మోకాళ్ళు సహకరించని వయసు మా వాళ్ళది. కాబట్టి ఆ పని కుషాయిగూడ వైపు నుంచి వచ్చి మూట కట్టుకొని పోయే ఒకామె చేస్తుంది. ఆమెకు బొంతలు కుట్టడం తల్లి నేర్పిన విద్య. పెద్ద మంచానికి సరిపడే ఒక క్విల్టు ఆమె చేతిలో పన్నెండు రోజులు ఉంటుంది. ఆమెకు ముట్టేది పదిహేను వందలు. కిందటి ప్రదర్శనలో అదే క్విల్టు ఏడు వేలకు పోయింది. దానికి గుచ్చిన చీటీ మీద పైపొర కుట్టినావిడ పేరుంది, నమూనా పేరుంది, గుడ్డ ఎక్కడిదో కూడా ఉంది. పన్నెండు రోజులు కుట్టినామె పేరు లేదు.

గిల్డు అన్న మాటను పట్టుకున్నది అందుకే. మధ్యయుగాల ఐరోపాలో గిల్డు అంటే కాలక్షేపపు కూటమి కాదు. ఒక వృత్తి చేసేవారు ఒక్కటై పని నాణ్యత ఇంత ఉండాలని, శిష్యుడు ఇన్నేళ్ళు నేర్వాలని, ఇంతకు తక్కువకు అమ్మరాదని కట్టడి చేసుకున్న సంస్థ. అందులో దౌష్ట్యం లేకపోలేదు, బయటివారిని రానిచ్చేవారు కారు, స్త్రీలను చాలాచోట్ల గడపలోనే ఆపేవారు. కాని పనిచేసే చెయ్యి సభ్యత్వం లేని చెయ్యి కావడం మాత్రం ఆ మాటకే విరుద్ధం. బ్రిటనులో క్విల్టు చేసేవారు 1979లో జాతీయస్థాయి గిల్డు పెట్టుకున్నప్పటికి అర్థం చాలా మారిపోయి ఉండవచ్చు. అక్కడ కుట్టేవారే సభ్యులు గనక పెద్ద నష్టం లేదు. ఇక్కడికి ఆ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు కుట్టేవారొకరు, సభ్యులొకరు అయ్యారు.

అరువెందుకు, మనకే ఉండేవి. మందసోర్ శాసనం క్రీ.శ. 437లో పట్టు నేతగాళ్ళ శ్రేణి ఒకటి సూర్యుడికి గుడి కట్టించిందని చెబుతుంది. 473లో మరమ్మతు చేయించింది కూడా ఆ శ్రేణే. అంతకన్నా దగ్గరది మన భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో బయటపెట్టిన ధాతుపేటికల మీద, క్రీస్తు పూర్వపు బ్రాహ్మీ లిపిలో, "నెగమా" అని రాసి కింద వరుసగా మనుషుల పేర్లు చెక్కారు. నిగమం అంటే వర్తకుల, వృత్తిదారుల సమూహం. ఏ రాజు కాలం, ఏ లిపి రూపం అని పండితులు ఎన్ని వ్యాసాలైనా రాయనీయండి, నాకు ముఖ్యమైనది ఒక్కటే. రెండువేల యేళ్ళ కిందట ఆంధ్రదేశంలో సమూహమంటే ముందు పేర్ల జాబితా. రాతిమీద చెక్కడానికి వాళ్ళకు చోటు చాలింది. అట్ట ముక్క మీద రాయడానికి మనకు చాలలేదు.

నేనీ మాట ఎత్తినప్పుడు వచ్చిన సమాధానాలు మూడు. మొదటిది, "ఆమెకు పని దొరుకుతోంది కదా." రెండవది, "మేం లాభానికి చేయడం లేదు." మూడవది అన్నిటికన్నా నాజూకైనది: "సభ్యురాలిగా రమ్మన్నాం, ఆమే రాలేదు."

మూడవదానితో మొదలుపెడతాను. సభ్యత్వ రుసుము ఆమె రెండు రోజుల సంపాదన. సమావేశం శనివారం పొద్దున, అంటే పనిరోజు. కూలి పోగొట్టుకొని, రుసుము కట్టి, తను కుట్టిన కుట్టుకు ఇంకొకరు చప్పట్లు అందుకోవడం చూడడానికి ఆమె రావాలన్నమాట. పిలుపు అందింది నిజమే. అందుకోగలిగిన పిలుపు కాదు.

"లాభానికి కాదు" అన్న మాటకు మన తెలుగునేల మీదనే పాత చరిత్ర ఉంది. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించింది. మిషనరీలు నేర్పిన క్రోషె లేసు గోదావరి డెల్టా పల్లెల నుంచి విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. అల్లినవారి రోజు సంపాదన మాత్రం పొలం కూలి కన్నా తక్కువగా ఉండిపోయింది. కారణం? వాళ్ళు కార్మికులు కారు, గృహిణులు. తీరికవేళ చేతులు ఊరుకోక అల్లుకుంటున్నారు. వ్యాపారి ఇలా అన్నాడు, గణాంకాలూ అలాగే అన్నాయి, చివరికి ఇంట్లో మగవాళ్ళూ అలాగే అన్నారు. రోజుకు ఏడెనిమిది గంటల తీరిక! మా వరండాలో వినబడే "సరదాకే కదా" అన్న మాట ఆ తీరికకు చెల్లెలు. సరదా మనది. పన్నెండు రోజులు ఆమెవి.

"పని దొరుకుతోంది కదా" అనేవారికి అహమ్మదాబాదు చూపిస్తాను. ఇలా భట్ 1972లో సేవా సంస్థను కార్మిక సంఘంగా నమోదు చేయించబోతే, యజమాని ఎవరో తెలియని సంఘమేమిటని కార్మికశాఖ మొదట అడ్డుచెప్పింది. ఆ సంస్థలో చేరినవారిలో పాతనగరపు ముస్లిం స్త్రీలు కొందరు ఉండేవారు. మిల్లుల్లో మిగిలిన చిందీ ముక్కలను వర్తకుల దగ్గర తెచ్చుకొని, బొంతల గలీబులు కుట్టి, ఒక్కోదానికి ఇన్ని పైసలని తీసుకునేవారు. అక్షరాలా అతుకుల బొంత. 1970ల చివర వాళ్ళు రేటు పెంచమని అడిగారు. అడిగినవారికి వర్తకులు ముక్కలివ్వడం మానేశారు. "పని దొరుకుతోంది కదా" అన్న వాక్యానికి అసలు అర్థం అప్పుడు బయటపడింది, అడిగితే దొరకదని. ఆ స్త్రీలు వెనక్కి పోలేదు. ముక్కలు తామే సంపాదించుకొని, తామే కుట్టి, తామే అమ్ముకోవడానికి సబీనా పేరిట సహకార సంఘం పెట్టుకున్నారు. నన్నడిగితే ఈ దేశంలో క్విల్టు గిల్డు అనే పేరుకు తగినది అది.

అమెరికాలోనూ ఇదే కథ. అలబామాలో నల్లజాతి స్త్రీలు 1966లో ఫ్రీడం క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం కట్టుకున్నారు. అదే ప్రాంతపు జీస్ బెండ్ క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియానికెక్కాయి, 2006లో తపాలా బిళ్ళలయ్యాయి. 2007లో కుట్టినవారు కొందరు తమ వాటా కోసం కోర్టుకెక్కారు. కళ అని అందరూ ఒప్పుకున్నాక కూడా డబ్బులు అడిగి తీసుకోవలసిందే.

ఇక మనవాళ్ళతో, అంటే రాసేవాళ్ళతో, నాకో చిన్న తగవుంది. బొంత అనగానే మనం రాసేది అమ్మమ్మ గురించి. వేసవి సెలవులు, డాబా, చుక్కలు, అమ్మమ్మ చీరల వాసన. చదవడానికి హాయిగానే ఉంటుంది, నేనూ చదువుతాను. కాని ఆ బొంతను అమ్మమ్మ కుట్టిందా, కుట్టించిందా? కుట్టిన అమ్మమ్మలకు నమస్కారం. చాలా ఇళ్ళలో చీరలు మాత్రమే అమ్మమ్మవి. ఊరిమీదికి వచ్చిన ఆడవాళ్ళు అరుగుమీద కూచుని నాలుగు రోజులు కుట్టి, గింజలో పాత గుడ్డలో పట్టుకుపోయేవారు. పరుపు అయితే దూదేకులవారు వచ్చి వింటినారి మీటుతూ దూది ఏకి కుట్టేవారు. ఇంతమంది చేతులను ఒక్క అమ్మమ్మ ఒళ్ళో పోసేసి, చివర్లో "ఈ కళ అంతరించిపోతోంది" అని ఒక నిట్టూర్పు తగిలిస్తాం. ఆమె రేపు శనివారం మూట తీసుకోవడానికి వస్తుంది. అంతరించిపోయినామె అయితే పదిహేను వందలు కూడా మిగిలేవి.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. చేతికుట్టుకు రోజుకింత అని ముందే కాగితం మీద రాసి వరండాలో తగిలించాలి. అమ్మిన ధరలో కుట్టినామెకు వాటా ఉండాలి. సమావేశం నెలకొకసారైనా ఆదివారం సాయంత్రం పెట్టాలి, ఆమె దగ్గర రుసుము తీసుకోరాదు. ఇవి కుదరకపోతే బోర్డు మీద గిల్డు తీసేసి క్లబ్బు అని రాసుకోవచ్చు. క్లబ్బును ఎవరూ రేటు అడగరు.

చీటీ మీద ఆమె పేరు కూడా ఉండాలన్నది నాలుగో కోరికగా రాసుకున్నాను. రాసేముందు ఆమెను అడిగాను. దారం పళ్ళతో తెంపి, మూట ముడివేస్తూ అంది: "పేరు రాస్తె రాయుండ్రి అమ్మా, నాకేం. రేటు మాత్రం మూట ఇచ్చేటప్పుడే చెప్పుండ్రి. కుట్టినంక బేరం చెయ్యొద్దు."

అందుకని కాగితం మీద వరుస మార్చలేదు. రేటే మొదట ఉంది.