ఫోమ్ రాతి గోడ: సముద్రపు ఆక్వేరియంలో అలంకారమెంత, ఆధారమెంత?

హైదరాబాదు పాతనగరపు టోకు అంగళ్లలో బేగంబజార్‌ది ప్రత్యేక స్థానం. పప్పుధాన్యాలు, ఎండు ఫలాలు, ప్లాస్టిక్ సామాను, ఇనుప సామాను అమ్మే దుకాణాల నడుమ పేరుపొందిన చేపల మార్కెట్టు కూడా అక్కడే ఉంది. మృగశిర కార్తె నాడు అక్కడ కాలు మోపడానికి సందు దొరకదు. సముద్రపు ఆక్వేరియంలో వెనుకవైపు పగడపు దిబ్బను తలపించే గోడ కట్టుకోదలచిన ఔత్సాహికునికి కావలసిన ఫోమ్ డబ్బా, సిలికాన్ ట్యూబు, సిమెంటు, రంగు పొడి ఇటువంటి బజార్లలోనే సమకూరుతాయి. సముద్రానికి సుమారు 300 కి.మీ. దూరాన ఉన్న నగరంలో ఇది కేవలం వినోదమని భావించి మత్స్యశాస్త్ర విభాగాలు పక్కన పెట్టడం సముచితం కాదు. ఈ గోడకు ఒకవైపు వన్యప్రాణి చట్టంతోను, మరొకవైపు తొట్టెలోని జీవాల ప్రాణాలతోను సంబంధం ఉంది.

సముద్రపు తొట్టెలో సహజమైన రాయి అంటే నిజానికి చనిపోయిన పగడపు అస్థిపంజరమే. దాని రంధ్రాలలో సూక్ష్మజీవులు నివసిస్తాయి కనుక వ్యాపారులు దానిని ‘లైవ్ రాక్’ అంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో గట్టి పగడాలను 2001లో చేర్చారు. అప్పటినుండి వాటి సేకరణ, అమ్మకం నేరం. చనిపోయిన ముక్కకు కూడా మినహాయింపు లేదు. మన్నార్ సింధుశాఖలో దశాబ్దాలపాటు సున్నానికి, సిమెంటుకు పగడపు రాయిని తవ్వుకున్న చరిత్ర ఉంది. ఆ దిబ్బలు నేటికీ పూర్తిగా కోలుకోలేదు. కాబట్టి ఫోమ్ గోడను నకిలీ సరుకని ఈసడించేవారు ఒక సంగతి గుర్తించాలి. ఒక మధ్యతరగతి ఇంటి తొట్టెకోసం దిబ్బలోని రాయి ఒక్కటి కదలకుండా ఉండడమే ఈ నకిలీ చేసే మేలు. ఇంతవరకు ఫోమ్ పక్షమే న్యాయమైనది.

అయితే అమ్మకందారులు దీనిని ‘రెడీమేడ్ రీఫ్’ అనడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. డబ్బాలోని పాలీయూరిథేన్ ఫోమ్ గాలిలోని తేమతో చర్య జరిపి, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తూ ఉబ్బి గట్టిపడుతుంది. గట్టిపడిన ఫోమ్ నీటిలో దాదాపు నిష్క్రియం. గట్టిపడని ఫోమ్‌లోని ఐసోసయనేట్లు మాత్రం మనిషి ఊపిరితిత్తులకూ హానికరమే. రోహిణి కార్తె ఎండలలో హైదరాబాదు గాలిలో తేమ బాగా తక్కువ. ఒకేసారి మందంగా పోసిన ఫోమ్ పైన పొరకట్టి, లోపల పచ్చిగా మిగిలిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. మూడు, నాలుగు సెం.మీ.కు మించకుండా పొరలుగా పోసి, పొర పొరకూ నడుమ పిచికారీతో తేలికగా నీరు చల్లడం మేలు. భవన నిర్మాణానికి తయారైన డబ్బాపై చేపల క్షేమం గురించి ఒక్క మాట ఉండదు. సిలికాన్ విషయంలోనూ ఇంతే: స్నానపు గదుల కోసం బూజునాశకం కలిపిన రకాన్ని తొట్టెలో వాడరాదు. రంగులలో ఐరన్ ఆక్సైడ్ వంటివి ఫరవాలేదు. రాగి ఉన్న రంగు రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం.

తేలుడు బలాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 90 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. ఎత్తు, 45 సెం.మీ. వెడల్పు గల తొట్టెలో 6 సెం.మీ. మందపు గోడ 27 లీటర్ల చోటును ఆక్రమిస్తుంది. ఫోమ్ బరువు కిలోకు లోపే ఉంటుంది. అది తోసివేసే ఉప్పునీటి బరువు 27 కిలోలకు పైబడి ఉంటుంది. అంటే తొట్టె నింపిన క్షణం నుండి ఆ గోడను సుమారు 27 కిలోల బలం నిరంతరం పైకి లాగుతూనే ఉంటుంది. ఫోమ్ నునుపైన గాజును గట్టిగా పట్టుకోదు. ముందుగా ప్లాస్టిక్ పలకపై గోడను తయారుచేసి, ఆ పలకను సిలికాన్‌తో అద్దానికి అతికించడం మంచిది. వెనుక ఖాళీ మిగిలితే మలినం చేరి, ఆక్సిజన్ అందక, కుళ్లిన గుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. పైగా 202 లీటర్ల తొట్టెలో దాదాపు 13 శాతం నీరు గోడకే పోయింది. అదంతా చేపలు కోల్పోయిన నీరే.

అసలు అభ్యంతరం ఇంకా లోతైనది. వ్యవసాయ విద్యార్థికి నత్రజని చక్రం కొత్త కాదు. చేప విసర్జించిన అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. యూరియా వేసిన మెట్ట నేలలో జరిగేదీ ఇదే. ఇక నిలువ నీటి వరిమడిలో ఆక్సిజన్ లేని పొరలో నైట్రేట్ నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతే రైతుకు అది నష్టం. సముద్రపు తొట్టెలో అదే చర్య లాభం. రంధ్రాలున్న పగడపు రాయి లోపలి భాగం ఆ వరిమడి పొర పని చేస్తుంది. మూసుకుపోయిన గదులున్న ఫోమ్‌లోకి నీరే ప్రవేశించదు. బ్యాక్టీరియాకు పై చర్మం తప్ప చోటు లేదు. ఫోమ్ గోడ రాయిలా కనిపించగలదు గాని రాయి పని చేయలేదు. ఈ తేడా చెప్పకుండా అమ్మిన తొట్టెలో మొదటి నెల నిండకముందే చేపలు చనిపోతే, కొన్నవాడు నీటినో, చేపనో, తన అదృష్టాన్నో నిందించుకుంటాడు. సముద్రపు అలంకరణ చేపలలో అధిక భాగం నేటికీ దిబ్బలపై పట్టినవే. అందుచేత తొట్టెలో చచ్చిన ప్రతి చేపకు బదులుగా మరొకటి దిబ్బనుండే రావలసి ఉంటుంది. రాయిని కాపాడి చేపను పోగొట్టుకున్నాక ఆ మిగులుకు అర్థమేముంది?

ప్రత్యామ్నాయాలు మన చేతిలోనే ఉన్నాయి. కోళ్ల దాణాలో కలిపే ఆల్చిప్పల పొరకను కడిగి, సిమెంటులో కలిపి పోసుకున్న రాళ్లు రంధ్రాలతో తయారవుతాయి. కొత్త సిమెంటు నుండి సున్నం దిగి నీటి ఉదజని సూచికను ప్రమాదకరంగా పెంచుతుంది. కనీసం నాలుగు వారాలు నీరు మారుస్తూ నానబెట్టి, సూచిక 8.3 దరిదాపులకు వచ్చాకనే తొట్టెలో పెట్టాలి. కుమ్మరి కాల్చిన మట్టి ముక్కలు కూడా పనికివస్తాయి. ఫోమ్‌ను పలుచని తెరగా వెనుక ఉంచి, ముందు ఇటువంటి రాళ్లు పేర్చి, చేపలు లేకుండా నాలుగు నుండి ఆరు వారాలు తొట్టెను నడిపించాలి. బోరు నీటికి బదులు శుద్ధిచేసిన నీటిలో ఉప్పు కలపడం తప్పనిసరి.

ఈ సంగతులను అంగడి వేరొక అంగడికి చెప్పదు. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం ఇదే నగరంలో ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అలంకరణ చేపల యూనిట్లకు సహాయం అందిస్తున్నది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హాచరీలో పుట్టించే పద్ధతిని ఎన్నడో రూపొందించింది. హాచరీ పిల్లకు సహాయం ఇచ్చే వ్యవస్థ ఆ పిల్ల బ్రతకవలసిన తొట్టె గురించి మౌనం వహించడం విడ్డూరం. మత్స్య కళాశాలలు బజారులో దొరికే ఫోమ్, సిలికాన్, సిమెంటు రకాలను ఉప్పునీటిలో నానబెట్టి, రొయ్య పిల్లలపై పరీక్షించి, ఫలితాలను తెలుగులోను, ఉర్దూలోను ఒక్క కాగితంపై ముద్రించవచ్చు. పీజీ విద్యార్థి ఒకరికి అది ఒక సెమిస్టరు పని. ఆ కాగితం మొదట చేరవలసిన చోటు బేగంబజార్ దుకాణపు బల్ల.